చదువు – కొలువు – సాహసము

ఒక మనుష్యుడు ఒకే కాలమున మూడు పనులకు పూనుకొనవచ్చునా యను ప్రశ్న క్రొత్తది కాదు. మన సీమలో కొంతకాలము మగ్గము నేసి, వానలు పడగానే చేను దున్ని, వారమున కొకనాడు సంతలో సరకమ్ముకొని బ్రతికిన కుటుంబము లెన్నియో కలవు. వారు ధర్మము తప్పిరని యెవరును అనలేదు. బట్ట వేఱు, ధాన్యము వేఱు. నేసిన దెవరికో, పండించిన దెవరికో అందఱకును కనబడుచుండెను. కాని నేడు విద్యావంతుల యిండ్లలో ఇదే ప్రశ్న మఱియొక రూపమున తలయెత్తినది. కంప్యూటరు శాస్త్రమున ఉన్నతవిద్య నభ్యసించుచు, పగలొక సంస్థలో కొలువు చేయుచు, రాత్రివేళ మిత్రులతో గూడి స్వంత సంస్థను స్థాపింప యత్నించు యువకులును యువతులును అనేకులు కనబడుచున్నారు. స్టార్టప్పు అని వాడుకలోనున్న యట్టి సంస్థకు పత్రికలవారు అంకురసంస్థ యని చక్కని పేరు పెట్టిరి. ఈ మూడింటియందును పుట్టునది బట్టవలె, ధాన్యమువలె వేఱువేఱుగా కనబడునది కాదు. మూడింటికిని పెట్టుబడి యొక్కటియే: ఒక మనస్సు, ఒక యంత్రము, ఒక దినము. ఉదయము వ్రాసిన ప్రోగ్రా మెవరిది, అర్ధరాత్రి తోచిన యూహ యెవరిది యని విడదీయుట వ్రాసినవానికే కష్టము. కావున దీనిని కాలమును పంచుకొను నేర్పునకు సంబంధించిన ప్రశ్నగా మాత్రమే చూచుట చాలదని మా యభిప్రాయము. ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు రేణిగుంటలో ఎదురైనది. రేణిగుంట యనగానే పెద్దలకు స్ఫురించునది రైలు జంక్షను. మద్రాసునుండి కడప మీదుగా బొంబాయి పోవు దారియు, గూడూరునుండి తిరుపతి మీదుగా కాట్పాడి పోవు దారియు అచ్చట కలియుచున్నవి. తిరుపతి విమానాశ్రయము కూడ ఆ యూరనే యున్నది. గడచిన పది పండ్రెండేండ్లలో దాని చుట్టును మఱియొక లోకము లేచినది. 2015లో స్థాపింపబడిన ఐఐటీ తిరుపతి, తొలి సంవత్సరములలో రేణిగుంట రోడ్డునందలి తాత్కాలికావరణములో పాఠములు నడపి, తరువాత శ్రీకాళహస్తి మార్గమున ఏర్పేడు వద్దనున్న స్వంత యావరణమునకు తరలినది. ఐసర్ విద్యాసంస్థయు ఆ సంవత్సరముననే తిరుపతికి వచ్చినది. సెల్‌ఫోనులను, టెలివిజనులను కూర్చు కర్మాగారములు పరిసరములలో వెలసినవి. జోహో యను సాఫ్ట్‌వేరు సంస్థ రేణిగుంటలో కార్యాలయము తెఱచినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఈ ప్రాంతము చిత్తూరు జిల్లానుండి విడివడి క్రొత్తదైన తిరుపతి జిల్లాలో చేరినది. ఒకప్పుడు చదువుకొన్న బిడ్డ ఈ జంక్షనులో రైలెక్కి మద్రాసుకో, బెంగుళూరుకో పోయెడివాడు. నేడు ఇంటనే కూర్చుండి బెంగుళూరు కొలువు చేయుచున్నాడు. సాయంకాలము కళాశాలకు పోయి వచ్చుచున్నాడు. రాత్రి తన సంస్థను గూర్చి కలలు కనుచున్నాడు. మూడు దారులును ఇంటిలోనే కలిసినందున వాని యొరిపిడియు ఇంటివారికే తగులుచున్నది.

మా యెఱుకలోని యొక కుటుంబపు సంగతి చెప్పెదము, పేళ్లతో పనిలేదు. తండ్రి రైల్వేలో పనిచేసి విశ్రాంతి పొందినవాడు. కుమారునికి ఇరువదియాఱేండ్లు. అతడు దూరపు సంస్థ యొకదానికి ఇంటినుండియే పనిచేయుచు, సాయంకాలములందు ఒక కళాశాలలో ఎంటెక్ చదువుచుండెను. చెల్లెలు బీటెక్ ముగించి, గేట్ పరీక్షలో నెగ్గి, ఎంటెక్ ప్రవేశమునకై యెదురుచూచుచుండెను. యువకుడు మఱి యిద్దఱు మిత్రులతో గలసి, తోతాపురి మామిడి పండించు రైతులకు గుజ్జు కర్మాగారముల కొనుగోలు ధరలను ఏనాటి కానాడు తెలుపు సెల్‌ఫోను ప్రోగ్రామును నిర్మించుచుండెను. చిత్తూరు సీమ మామిడి రైతు కష్టము తెలిసినవా రెవ్వరును ఈ యుద్దేశమును తప్పుపట్టజాలరు. లారీనిండ కాయ నింపుకొని కర్మాగారపు వాకిట వరుసలో నిలిచినవాడు, ధర నచ్చలేదని వెనుకకు మరలింపలేడు. మాగుచున్న కాయ వానికొఱకు ఆగదు. ధర ముందే తెలిసినచో వాడు కోత నాలుగు దినములు వాయిదా వేసికొనగలడు.

ఒకనాడు ఆ యువకుడు మాయొద్దకు వచ్చి, "మామయ్యా, మీరు చెప్పినచో అమ్మ వినును. ఆమె నగలు బ్యాంకులో కుదువపెట్టి కొంత సొమ్ము తేవలెను. చెల్లెలి చదువు ఒక్క యేడాది ఆపినచో ఇంటి ఖర్చును సర్దుకొనును. ఈ మామిడి కాలము లోపల మా ప్రోగ్రాము బయటికి రాకపోయినచో మఱల వచ్చు సంవత్సరమువఱకు ఆగవలెను" అని వేడుకొనెను. మేము వెంటనే అవునని గాని కాదని గాని చెప్పక కొన్ని ప్రశ్న లడిగితిమి.

"నాయనా, ఈ ప్రోగ్రామును ఏ యంత్రముమీద వ్రాసితివి?"

"కంపెనీవా రిచ్చిన ల్యాప్‌టాపు మీద."

"ఎప్పుడు వ్రాయుచుందువు?"

"రాత్రులందు. పగలు మీటింగుల నడుమ తీరిక దొరకినపుడు కొంత."

"నీ ఎంటెక్ సిద్ధాంతవ్యాసము దేనిమీద?"

"దీనిమీదనే. రెండు పనులు ఒక్కటిగా కలిసివచ్చునని."

"కంపెనీవారికి ఈ సంగతి తెలియునా?"

తెలియదనెను. సంస్థ పెట్టుచున్న సంగతి ఆచార్యునికి తెలియదు. అదే పనిని కళాశాలకు సమర్పింపనున్న సంగతి మిత్రులకు తెలియదు. అప్పుడు మే మనితిమి: "నాయనా, ఒకే చేనును ముగ్గురు సాహుకార్లకు, ఒకరికి తెలియకుండ నొకరికి, కుదువపెట్టినవానిని మీ తాతగారి కాలమున నేమందురో యెఱుగుదువా?" ఆ మాట కఠినమైనదే. అతని మొగము చిన్నబోయెను. అయినను అతడు దొంగ కాడు. ఎవరి సొమ్మును అపహరింపవలెనని తలచినవాడు కాడు. మంచి యుద్దేశముతో బయలుదేరినవాడు తన కాలమంతయు తనదేయని భ్రమపడెను. నేటి యువజనులలో ననేకులు పడుచున్న భ్రమ యిదియే గావున దీనిని విచారింపబూనితిమి.

మనుష్యుని దినములో ప్రతిగంటయు ఎవరికో యొకరికి మాట యిచ్చినదై యున్నది. కొలువు చేయువాడు కొన్ని గంటలను జీతమునకు అమ్మినాడు. భారతదేశపు గ్రంథస్వామ్య చట్టము (1957) 17వ విభాగము ప్రకారము, ఉద్యోగధర్మముగా నిర్మించిన రచనకు, వేఱు ఒడంబడిక లేనిచో, మొదటి స్వామి ఉద్యోగమిచ్చినవాడే. కంప్యూటరు ప్రోగ్రామును ఆ చట్టము రచనగానే పరిగణించుచున్నది. రాత్రి యింటిలో వ్రాసినది ఉద్యోగధర్మము కాదని వాదింపవచ్చును; కాని యజమాని యంత్రముమీద, యజమాని గంటలలో కొంత వ్రాసి, మిగిలినది తన రాత్రులలో వ్రాసినవాడు ఆ గీతను ఎచ్చట గీయగలడు? పాలలో నీరు కలిపినవాడే వానిని మఱల విడదీయలేడు.

2022 సెప్టెంబరులో విప్రో సంస్థ, పోటీ సంస్థలకును పనిచేయుచున్నారని కనుగొనిన 300 మంది నుద్యోగమునుండి తొలగించినట్లు దాని యధ్యక్షుడు ప్రకటించెను. మఱుసటి నెలలోనే ఇన్ఫోసిస్, ముందుగా అనుమతి పొందినచో బయటి పనులను కొన్నింటిని చేసికొనవచ్చునని తన యుద్యోగులకు తెలిపెను. ఈ రెండింటిలో నేది యుదారము, ఏది కఠినము అని నాడు పెద్ద వాదము జరిగినది. మా దృష్టిలో రెండును ఒక్క విషయమునే చెప్పుచున్నవి. రెండు పనులు చేయుట కంటె, దాచి చేయుట దోషము.

ఇచ్చట యజమానుల మాటయు చెప్పక తప్పదు. ఎనిమిది గంటలకు జీతమిచ్చి పండ్రెండు గంటలు పుచ్చుకొనుచు, అమెరికాలో తెల్లవాఱినదని మన రాత్రి పదిగంటలకు మీటింగునకు పిలుచు సంస్థ, తన యుద్యోగి ధర్మమును ప్రశ్నించుటకు ముందు తన ధర్మమును తూచుకొనవలయును. మాట యిచ్చినవా రిద్దఱు, నిలుపుకొనవలసినవారును ఇద్దఱే. కాని యజమాని తప్పినాడు గనుక నేనును తప్పెదనను వాదము లెక్క తీర్చుకొనుటకు పనికివచ్చును గాని మనుష్యుని నిలువబెట్టదు.

ఇక చదువు. తన ఫీజు తాను చెల్లించి చదువువాడు ఎవరికిని ఋణపడలేదని తలచును. అది సగము నిజము. వాడు కూర్చున్న చోటు మఱియొకరికి దొరకక పోయినది. వానికి ఆచార్యుడు తన కాలము నిచ్చినాడు. గేట్ మూలముగా ప్రభుత్వ విద్యాసంస్థలలో చేరువారి విషయము మఱింత స్పష్టము. ఎంటెక్ విద్యార్థికి నెలకు 12,400 రూపాయల వేతనము కలదు. పరిశోధకునికి 2023 జనవరినుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలుగా కేంద్రప్రభుత్వము వేతనమును హెచ్చించినది. ఈ ధనము ఆకాశమునుండి పడదు. సబ్బుబిళ్ల కొన్న కూలివాడును, అగ్గిపెట్టె కొన్న ముసలమ్మయు చెల్లించిన పన్నులో నొక పాలు ఇందున్నది. ఆ వేతనము పుచ్చుకొనుచు పరిశోధనను ప్రక్కకు నెట్టి, ప్రయోగశాలను తన వ్యాపారమునకు ఉచితమైన కొట్టుగా వాడుకొనువాడు ఆ ముసలమ్మకు జవాబుదారి. ఉద్యోగము చేయుచు డాక్టరేటు చదువువారికి, యజమానియొద్దనుండి అభ్యంతరము లేదను పత్రము తేవలయునని యూజీసీవారి 2022 నాటి నియమములు విధించినవి. చాలమంది దీనిని కచేరీ కాగితముగా తలచి విసుగుకొందురు. మేము దానియందు ధర్మమును చూచుచున్నాము. ఒకరికిచ్చిన మాట మఱియొకరి యెదుట చెప్పదగినదై యుండవలయునని దాని భావము.

మూడవది సాహసము. దీనిని తక్కువచేసి మాట్లాడు పెద్దలతో మేము ఏకీభవింపము. ఉన్న యుద్యోగమును పట్టుకొని వ్రేలాడుటయే వివేకమని బోధించిన తరముల వలన మనకు కలిగిన నష్ట మింతింత కాదు. మామిడి రైతు వాకిట నిలిచి పడిన కష్టమును చూచి, దీనికేదైన చేయవలెనని రాత్రులు మేల్కొను యువకుడు సంఘమునకు సొత్తు. అయితే సాహసమన దన దానిని పణముగా నొడ్డుట. ఇతరుల దానిని వారికి తెలియకుండ నొడ్డుట సాహసము కాదు, జూదము.

ఈ మూడు దారులను నడచినవారు మన సీమలోనే కలరు. దబ్బల రాజగోపాల రెడ్డిగారు, లోకమెఱిగిన పేరున రాజ్ రెడ్డిగారు, 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున రైతు కుటుంబమున పుట్టిరి. ఆ యింటినుండి కళాశాలకు పోయినవారిలో ఆయనయే మొదటివాడు. 1958లో మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరు పట్టము, 1960లో ఆస్ట్రేలియాలో ఎంటెక్ పట్టము పొంది, అచ్చటనే ఐబీఎం సంస్థలో కొలువు చేసిరి. తరువాత ఆ కొలువు విడిచి స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మఱల విద్యార్థియై, యంత్రము మనుష్యుని మాటను గుర్తించు విద్యపై పనిచేసి, 1966లో డాక్టరేటు గ్రహించిరి. 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమైన ట్యూరింగు బహుమానమును ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో కలసి పొందిరి. జీతమునిచ్చు కొలువును విడిచి విద్యార్థి బల్లపై మఱల కూర్చుండుట వెనుకడుగు కాదని ఆయన జీవితము చెప్పుచున్నది.

ఆయన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో నున్న కాలముననే అచ్చట జేమ్స్ బేకరు, జానెట్ బేకరు అను దంపతులు అదే మాటల విద్యలో పరిశోధన చేసిరి. పట్టములు పొందిన పిదప ఐబీఎం పరిశోధనశాల మొదలగు చోట్ల పనిచేసి, 1982లో డ్రాగన్ సిస్టమ్సు అను స్వంత సంస్థను స్థాపించిరి. మొదట చదువు, పిమ్మట కొలువు, అటుపిమ్మట సాహసము. ఒకదాని తరువాత నొకటి. 1997లో వారు వెలువరించిన ప్రోగ్రాము మామూలుగా మాట్లాడిన మాటను వ్రాతగా మార్చినది. 2000లో ఆ సంస్థను బెల్జియము దేశపు సంస్థ యొకదానికి వాటాల రూపమున అమ్మిరి. కొన్న సంస్థ ఆ సంవత్సరమే దివాలా తీసినది, వాటాలు చిత్తుకాగితములైనవి. పదునెనిమిదేండ్ల యార్జన కొన్ని నెలలలో పోయినది. అయినను వారు చదువుకాలమున కనుగొన్న పద్ధతి మాటల విద్యలో చిరకాలము నిలిచినది. సాహసపు ఫలము చేతినుండి జారిపోవచ్చును. నెమ్మదిగా నేర్చిన విద్య జారదు.

"చదువు ముగియువఱకు ఆగినచో అవకాశ మాగునా? గూగులు స్థాపకులు ఆగిరా?" అని యువకులు మమ్ము నిలదీయుదురు. ఆగలేదు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు స్టాన్‌ఫర్డులో డాక్టరేటు చదువు మధ్యలో విడిచి 1998లో ఆ సంస్థను స్థాపించిన మాట నిజము. కాని ఈ కథలో సగమునే మనవారు చెప్పుకొందురు. వారి వెదకు పద్ధతికి పేటెంటు హక్కు విశ్వవిద్యాలయమునకే చెందినది. గూగులు దానిని వాడుకొనుటకు ఒడంబడిక చేసికొని, బదులుగా వాటాల నిచ్చినది. ఆ వాటాలను విశ్వవిద్యాలయము 2005లో అమ్మగా 33 కోట్ల 60 లక్షల డాలర్లు వచ్చినవి. వారు చదువును విడిచిరి గాని చదువునకు ఋణమును ఎగవేయలేదు. విడుచుట వేఱు, ఎగవేయుట వేఱు.

"పట్టము లేకున్న నేమి?" అనువారును కలరు. ఈ మాటలోను సత్యము లేకపోలేదు. రేణిగుంటలో కార్యాలయమున్న జోహోయే పాఠశాల చదువు ముగించినవారిని చేర్చుకొని, కళాశాల పట్టముతో పని లేకుండ తానే విద్య నేర్పి ఉద్యోగము లిచ్చుచున్నది. అయితే దాని స్థాపకులలో నొకడైన శ్రీధర్ వేంబు ప్రిన్స్‌టన్‌లో డాక్టరేటు ముగించి, క్వాల్‌కామ్‌లో కొలువు చేసి, అటుపిమ్మట 1996లో ఆ సంస్థకు మూలమైన సంస్థను సోదరులు మొదలగువారితో గలసి మొదలు పెట్టెను. పట్టము లేకయే బ్రతుకగలనను ధైర్యమున్నవాడు చదువును బహిరంగముగా విడువవచ్చును. అందు సిగ్గుపడవలసినది లేదు. విడువక, చదువక, కళాశాల చోటును పేరుకొఱకు పట్టుకొని యుండుటయే తగదు.

"ఒకటి ముగించి యొకటి చేయుటకు కలవారి బిడ్డలకు సాగును, అప్పుచేసి చదివిన మేము మూడును ఒక్కసారి మోయక తప్పదు" అను నాక్షేపణ యన్నింటికంటె బలమైనది. మేము దానికి తలవంచుచున్నాము. విద్యాఋణమునకు నెలనెల వాయిదా చెల్లింపవలసినవానికి కొలువు మాను మనుట క్రూరత్వము. మూడును మోయుము, కాని ముగ్గురికిని చెప్పి మోయుము. రెండు పడవలపై కాళ్లు పెట్టరాదని సామెత. అది కాళ్లు పెట్టినవాడు మునుగునని చెప్పుచున్నది. వాడు కదిలినప్పుడెల్ల రెండు పడవలలోను కూర్చున్నవారు ఊగిపోవుదురని మేము దానికి చేర్చుచున్నాము. పేదవాడే లెక్క చక్కగా నుంచుకొనవలయును; తప్పు బయటపడిననాడు కలవానికి వకీలు దొరకును, పేదవానికి ఉద్యోగము పోవును.

మరల మా యువకుని కథకు వత్తము. వారమునకు 168 గంటలు. ఏ గంట యెవరికో కాగితముమీద వ్రాసికొని రమ్మంటిమి. నాలుగు దినముల తరువాత తెచ్చెను: నిద్రకు 42, కొలువునకు 50, తరగతులకు రాకపోకలతో 18, చదువునకు 14, స్నానభోజనాదులకు 21. మొత్తము 145. మిగిలినవి 23. స్వంత సంస్థకు వారమునకు 35 గంటలు పనిచేయుచున్నానని అతడు మిత్రులకు చెప్పియుండెను. నిజముగా చేయుచునే యుండెను. "ఈ 12 గంటలు ఎవరివి?" అని యడిగితిమి. అతడు చాలసేపు మాట్లాడలేదు. కొన్ని కొలువువారివి, కొన్ని చదువువి, కొన్ని తన నిద్రవి యని తుదకు తానే చెప్పెను.

ఆ సమయమున కాఫీ తెచ్చిన చెల్లెలు ఆ కాగితము చూచి, "అన్నా, నావి వ్రాయలేదే" అనెను. అప్పుడు గాని మాకును తెలియలేదు. ప్రతిరాత్రియు రెండు గంటలు ఆ పిల్ల రైతులకు ఫోను చేసి ధరలు కనుగొని ప్రోగ్రాములో నెక్కించుచుండెను. తప్పులను పట్టి చూపుచుండెను. ఆమె పేరు భాగస్వాములలో లేదు, సిద్ధాంతవ్యాసమున లేదు, ఆ కాగితమునను లేదు. తల్లి అర్ధరాత్రి వఱకు మేల్కొని అన్నము వేడిచేసి పెట్టుటయు ఏ లెక్కలోను లేదు. ఆపవలెనని యనుకొన్నది మాత్రము చెల్లెలి చదువు!

ఇది ఆ యొక్క యింటి దోషము కాదు. కొడుకు సాహసమునకు ఇల్లంతయు పెట్టుబడి పెట్టుటయు, కూతురి చదువునకు మాత్రము మీనమేషములు లెక్కించుటయు మన యిండ్ల కలవాటైనది. 1983లో తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసిన నాటినుండి ఎందఱో యాడుబిడ్డలు పట్టములు పొందిరి. యూజీసీవారి నియమములు స్త్రీలకు డాక్టరేటు ముగించుటకు రెండేండ్ల గడువును అదనముగా నిచ్చుచున్నవి. ప్రసూతికిని శిశుపోషణకును 240 దినముల సెలవు నిచ్చుచున్నవి. ప్రభుత్వము గుర్తించిన యీ బరువును ఇల్లు గుర్తింపకపోవుట వింత గాదా? చదువు, కొలువు, సాహసము అను మూడింటిని పురుషుడు మోయునపుడు నాలుగవదైన గృహకృత్యమును ఎవరో మోయుచున్నారు. స్త్రీ మోయునపుడు నాలుగును ఆమెవే యగుచున్నవి. ఈ లెక్క సరిపడనిచో సమతూకమను మాట యెంత చెప్పినను వ్యర్థము.

తరువాత జరిగినది దాచము. యువకుడు కంపెనీవారికి అంతయు తెలియజేసెను. వారు అతనిని తొలగింపలేదు గాని, తమ యంత్రముమీద వ్రాసిన దానిని వాడరాదనియు, ఇకముందు తన యంత్రముమీద తన గంటలలో చేసికొనవచ్చుననియు వ్రాతమూలముగా తెలిపిరి. ఎనిమిది నెలల పని ప్రక్కన పెట్టవలసి వచ్చెను. ఆచార్యుడు సిద్ధాంతవ్యాసపు విషయమును మార్పించెను. చదువు ఆఱు నెలలు సాగినది. మిత్రులలో నొకడు కోపించి విడిచిపోయెను. ఆ యేటి మామిడి కాలము గడచిపోయినది. తల్లి నగలు ఇంటనే యున్నవి. చెల్లెలు ఎంటెక్‌లో చేరి తన వేతనముతో చదువుకొనుచున్నది. మఱల మొదలుపెట్టిన సంస్థలో ఆమె పేరు భాగస్వాముల పట్టికలో నున్నది.

అతడు నష్టపడెను. మా మాట వినుటచేతనే నష్టపడెను. ఆ యేడు కర్మాగారపు వాకిట ధర తెలియక నిలిచిన రైతులకును అందు కొంత నష్టము కలిగినదనియే చెప్పవలయును. ఆ బరువు మాకును తెలియును. ధర్మము లాభసాటి బేరమని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పువారిని నమ్మవలదనియే చెప్పుచున్నాము. ఆ సంస్థ రేపు వర్ధిల్లునో క్షీణించునో మే మెఱుగము. వర్ధిల్లినచో అది యెవరిదని ప్రశ్నించువారుండరు. క్షీణించినచో అతనితో పాటు, తెలియక పణమొడ్డినవా రెవ్వరును మునుగరు. మా దృష్టిలో ఆ నష్టమునకు వచ్చిన బదు లిదియే.

కావున చదువరులైన తలిదండ్రులకు మా విన్నపము. మీ బిడ్డ మూడు పనులు పైవేసికొన్నపుడు "ఇది నీకు సాగునా?" అని మాత్రమే యడుగక, "ఇది ఎవరెవరికి తెలియును?" అని యడుగుడు. గంటల లెక్క వ్రాయుమనుడు. ఆ లెక్కలో ఇంటివారి గంటలకును ఒక వరుస యుంచుడు. కుమార్తె యట్టి పని పైవేసికొన్నపుడు కుమారునికి చేసిన సాయమే ఆమెకును చేయుడు. యువజనులకు మేము చెప్పునది యొక్కటియే. మీరు వ్రాసినది ఎవరి గంటలో, ఎవరి యంత్రముమీద, ఎవరి సాయముతో వ్రాసితిరో ముగ్గురి యెదుటను ఒక్క తీరుగా చెప్పగలిగినచో మూడు దారులను నడువుడు. ఒకరియెదుట నొకటియు, మఱియొకరియెదుట మఱియొకటియు చెప్పవలసి వచ్చిననాడు మాత్రము ఆగుడు.